గోదావరి డెల్టాలో ప్రీపెయిడ్ ప్లాన్: ముందు టవర్, తర్వాత ఫోన్, ఆ తర్వాతే రేటు

ఒకే కంపెనీ సిమ్, ఒకే ప్లాన్. అమలాపురం గడియార స్తంభం సెంటర్లో వీడియో ఆగకుండా నడుస్తుంది. అదే సిమ్ ఏటి అవతల లంకలో, కొబ్బరితోట మధ్యనున్న డాబాలో, వంటింట్లోకి వెళ్లేసరికి కాల్ కట్టవుతుంది. అందుకే ఇక్కడ ప్లాన్ ఎంపికను రేట్ల దగ్గర మొదలుపెట్టకూడదు. మీరు రోజులో ఎక్కువసేపు ఉండే చోట ఏ కంపెనీ సిగ్నల్ నిలబడుతోంది, మీ చేతిలో ఉన్న ఫోన్‌కి ఆ సిగ్నల్‌ని పూర్తిగా అందుకునే శక్తి ఉందా అన్నవి తేలాకే రూపాయల లెక్క. వరస తిరగేస్తే ఏడాది ప్లాన్ వేయించుకుని ఏడాదంతా పెరట్లోకి వెళ్లి మాట్లాడాల్సి వస్తుంది.

సిగ్నల్ తేల్చుకోవడం

ఫోన్ పైన కనిపించే గీతలను నమ్మొద్దు. ఒక్కో ఫోన్ కంపెనీ ఒక్కో లెక్కన వాటిని చూపిస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్లో సెట్టింగ్స్, అబౌట్ ఫోన్, సిమ్ స్టేటస్‌లోకి వెళ్తే సిగ్నల్ స్ట్రెంగ్త్ అని మైనస్ గుర్తుతో ఒక అంకె ఉంటుంది, పక్కన డీబీఎం అని రాసి ఉంటుంది. మైనస్ గుర్తును పక్కన పెట్టి చూస్తే, ఆ అంకె ఎంత చిన్నదైతే సిగ్నల్ అంత బలం. 4జీలో మైనస్ 95 లోపు ఉంటే నిశ్చింత. మైనస్ 105 దగ్గర కాల్స్ బాగానే ఉంటాయి, నెట్ కాస్త మందగిస్తుంది. మైనస్ 115 దాటితే మాట మధ్యలో తెగుతుంది, ఫోన్ టవర్ కోసం వెతుక్కుంటూ బ్యాటరీ కూడా తినేస్తుంది.

ఈ అంకెను ఇంటి ముందు అరుగు మీద కాదు, నడిమి గదిలో చూడాలి. తర్వాత పెరట్లో, చెరువు గట్టు మీద, రోజూ కూర్చునే కొట్టులో. మీ దగ్గర ఆ కంపెనీ సిమ్ లేకపోతే, ఉన్న పక్కింటివాళ్ల ఫోన్‌ని పది నిమిషాలు మీ ఇంట్లో పెట్టించుకుంటే చాలు. ఆ పది నిమిషాలు రాత్రి ఏడు, పది గంటల మధ్య అయితే మంచిది. పగలు పదకొండింటికి పరుగెత్తే నెట్, ఊరంతా ఫోన్లు పట్టుకునే వేళకు కూలబడుతుంది. సిగ్నల్ అంకె బాగానే ఉన్నా వీడియో తిరుగుతూ ఉండిపోతే, ఆ టవర్ మీద జనం ఎక్కువయ్యారని అర్థం. దానికి పెద్ద ప్లాన్ వేయడం మందు కాదు. సంక్రాంతి మూడు రోజులూ భీమవరం, కోనసీమ వైపు ఊళ్లు నిండిపోయినప్పుడు ఏ కంపెనీ అయినా నెమ్మదిస్తుంది కాబట్టి ఆ రోజుల్లో చూసి ఎవరినీ తీసిపారేయొద్దు.

చెట్లకు, సిగ్నల్‌కు ఉన్న లెక్క డెల్టాలో అందరికీ తెలిసి ఉండాలి. తక్కువ ఫ్రీక్వెన్సీ తరంగాలు, అంటే 700, 850, 900 మెగాహెర్ట్‌జ్‌వి, కొబ్బరాకుల గుండా, ఇటుక గోడల గుండా చాలావరకు దూరి వస్తాయి, దూరం కూడా పోతాయి. 2300 మెగాహెర్ట్‌జ్, 5జీకి వాడే 3300 మెగాహెర్ట్‌జ్ వేగం ఎక్కువ ఇస్తాయి గానీ దట్టమైన ఆకుకు, గోడకు బలహీనపడతాయి. రోడ్డు మీద 5జీ అని చూపించిన ఫోన్ తోటలోకి రాగానే 4జీకి దిగిపోవడానికి కారణం ఇదే. రేకుల షెడ్డయితే మరీ కష్టం. ఇనుప రేకు తరంగాన్ని వెనక్కి కొట్టేస్తుంది, కిటికీ పక్కకు వస్తే తప్ప లాభం ఉండదు.

ఇంట్లో ఫైబర్ నెట్ ఉంటే ఈ బాధకు సగం విరుగుడు మీ దగ్గరే ఉంది. ఎయిర్‌టెల్, జియో రెండింట్లోనూ వైఫై కాలింగ్ ఉంది. ఫోన్ సెట్టింగ్స్‌లో సిమ్ పేరు కింద దాన్ని ఆన్ చేస్తే, టవర్ అందకపోయినా ఇంటి వైఫై మీదుగా మామూలు నంబరుకే కాల్స్ వస్తాయి, పోతాయి. అదనపు ఛార్జీ లేదు. ఇలాంటి ఇంటికి పెద్ద డేటా ప్లాన్ దండగ.

మీ ఊరి మీద ఎవరి కవరేజీ ఉందో మ్యాప్‌లో కూడా చూడొచ్చు. కంపెనీలు తమ 2జీ, 4జీ, 5జీ కవరేజీ మ్యాపులను వెబ్‌సైట్లలో పెట్టాలని టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 నవంబరులో ఆదేశించింది. ఆ మ్యాపు ఆరుబయటి సంగతి చెబుతుంది, నడిమి గది సంగతి చెప్పదు. ఏ కంపెనీలను పరీక్షించాలో తేల్చుకోవడానికి వాడుకోండి, అంతవరకే.

ఫోన్ ఏది?

జియోకు 2జీ, 3జీ లేవు, కాల్స్ కూడా 4జీ మీదే నడుస్తాయి. కాబట్టి పాత 2జీ కీప్యాడ్ ఫోన్లో జియో సిమ్ వేస్తే సిగ్నలే రాదు. ఆ ఫోన్ మార్చడం ఇష్టంలేని పెద్దవాళ్లకు ఎయిర్‌టెల్, వీఐ (వొడాఫోన్ ఐడియా), బీఎస్ఎన్ఎల్‌లలో మీ దగ్గర బలంగా ఉన్నది చూసుకోవాలి. ఫోన్ కొత్తది కొనడానికి సిద్ధమైతే జియోభారత్ కీప్యాడ్ ఫోన్ ఒక దారి. 2023 జూలైలో ఆ ఫోన్‌తో పాటు వచ్చిన 123 రూపాయల ప్లాన్‌లో 28 రోజులు కాల్స్, 14 జీబీ డేటా ఉన్నాయి. ఆ ప్లాన్ ఆ ఫోన్‌కే పనిచేస్తుంది. సిమ్ తీసి స్మార్ట్‌ఫోన్లో వేసి వాడుకుందామంటే కుదరదు. ఈ సంగతి తెలియక కొన్నవాళ్లు చాలామందే ఉన్నారు.

బీఎస్ఎన్ఎల్ స్వదేశీ 4జీ 2025 సెప్టెంబరు 27న దేశమంతటికీ ప్రారంభమైంది. అది 700, 2100 మెగాహెర్ట్‌జ్ మీద నడుస్తుంది. మన తోటలకు పనికొచ్చేది ఆ 700. ఫోన్ స్పెసిఫికేషన్లలో దీన్ని బ్యాండ్ 28 అని రాస్తారు. మీ ఫోన్లో బ్యాండ్ 28 లేకపోతే పక్కింట్లో బాగా వస్తున్న బీఎస్ఎన్ఎల్ మీ ఇంట్లో రాకపోవచ్చు. తప్పు టవర్‌ది కాదు, ఫోన్‌ది. పాత బీఎస్ఎన్ఎల్ సిమ్ అయితే దాన్ని 4జీ సిమ్‌గా మార్పించుకోవాలి, వోల్టే (4జీ మీదే కాల్స్ నడిపే సదుపాయం) కూడా ఆన్ చేయించుకోవాలి.

5జీ కోసమే ఎక్కువ డబ్బు పెట్టేముందు మూడు సంగతులు చూసుకోవాలి. ఫోన్లో ఎన్78 బ్యాండ్ ఉండాలి, జియోకైతే ఎన్28 కూడా ఉంటే మేలు. అపరిమిత 5జీ 2024 జూలై నుంచి జియో, ఎయిర్‌టెల్ రెండింట్లోనూ రోజుకు 2 జీబీ, ఆ పైన ఉన్న ప్లాన్లకే పరిమితమైంది. 1.5 జీబీ ప్లాన్ వేసుకుని 5జీ ఫోన్ ఉంది కదా అనుకుంటే లాభం లేదు. మూడోది, ఆ అపరిమితం 5జీ టవర్ అందినంతసేపే. 4జీకి దిగిన క్షణం నుంచి రోజువారీ కోటా ఖర్చవుతుంది. రాజమండ్రిలోనో కాకినాడలోనో గది తీసుకుని చదివే పిల్లలకు ఇది గిట్టుబాటే. తోటలో ఇల్లున్నవారికి చాలాసార్లు కాదు.

రేట్ల లెక్క: ప్లాన్ ధర కాదు, రోజు ధర

ప్లాన్లన్నీ వేర్వేరు రోజులకు ఉంటాయి కాబట్టి ధరను రోజులతో భాగించకుండా పోల్చడం కుదరదు. 28 రోజులంటే నెల కాదు. ఏడాదికి పదమూడు రీచార్జులు వేయాలి. 2024 జూలై పెంపు తర్వాతి ధరలతో చూడండి. జియో రోజుకు 1.5 జీబీ, 28 రోజులది 299 రూపాయలు, అంటే రోజుకు 10 రూపాయల 68 పైసలు. అదే 1.5 జీబీ 84 రోజులకు 799 రూపాయలు, రోజుకు 9 రూపాయల 51 పైసలు. ఎయిర్‌టెల్‌లో ఆ రెండూ 349, 859 రూపాయలు. రోజుకు 12 రూపాయల 46 పైసలు, 10 రూపాయల 23 పైసలు. 84 రోజులది తీసుకుంటే ఎయిర్‌టెల్‌లో ఏడాదికి సుమారు 800 రూపాయలు, జియోలో 400 పైచిలుకు మిగులుతాయి. ఈ ధరలు మారుతూనే ఉంటాయి. వేసే రోజున ట్రాయ్ వెబ్‌సైట్లోని టారిఫ్ పోర్టల్లో ఆంధ్రప్రదేశ్ సర్కిల్ (టెలికం ప్రాంతం) ఎంచుకుంటే అన్ని కంపెనీల ప్లాన్లూ ఒకచోట కనిపిస్తాయి. తెలంగాణ, యానాం కూడా అదే సర్కిల్ కిందికి వస్తాయి. యానాం పుదుచ్చేరిది కదా అని తమిళనాడు ప్లాన్లు వెతకనక్కర్లేదు.

ఏడాది ప్లాన్ ఇంకా చవక అనిపిస్తుంది గానీ, సిగ్నల్ పరీక్షించని కంపెనీలో ఏడాది డబ్బు ఒకేసారి పోయొద్దు. ముందు ఒక 28 రోజులది, నచ్చితే 84 రోజులది, ఆ తర్వాతే ఏడాది. జీతం వచ్చే తేదీకే రీచార్జ్ పడాలనుకునేవాళ్ల కోసం ప్రతి నెలా ఒకే తేదీకి వేసుకునే ప్లాన్ ఒకటైనా ప్రతి కంపెనీ ఇవ్వాలని ట్రాయ్ 2022లో నిబంధన పెట్టింది. షాపులో ఎవరూ చెప్పరు, మీరే అడగాలి.

డేటా ఎంత కావాలో ఊహించొద్దు, ఫోన్ సెట్టింగ్స్‌లో డేటా యూసేజ్ చూడండి. వాట్సాప్ వాయిస్ కాల్ గంటకు 30 ఎంబీ అటూ ఇటూ, వీడియో కాల్ 300 ఎంబీ దాకా తింటుంది. యూట్యూబ్ 480పీలో గంటకు అర జీబీ దరిదాపు. 1080పీలో పెడితే అంతకు మూడింతలు. రోజుకు 2 జీబీ చాలడం లేదంటున్న ఇళ్లలో చాలాచోట్ల ప్లాన్ మార్చాల్సిన పని లేదు. యూట్యూబ్ క్వాలిటీ సెట్టింగ్‌లో డేటా సేవర్ పెడితే సరిపోతుంది. కోటా అయిపోయాక జియో, ఎయిర్‌టెల్‌లలో వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. వాట్సాప్ మెసేజ్ పోతుంది, ఫోన్‌పే తెరుచుకోవడానికి మాత్రం ఓపిక కావాలి. కోటా అర్ధరాత్రి పన్నెండింటికి మళ్లీ మొదలవుతుంది.

డేటా బూస్టర్ దగ్గర జరిగే పొరపాటు మరీ ఎక్కువ. బూస్టర్ అంటే ఉన్న ప్లాన్ మీద అదనపు డేటా మాత్రమే. అసలు ప్లాన్ గడువు అయిపోయిన సిమ్‌కి చవగ్గా ఉందని బూస్టర్ వేస్తే కాల్స్ రావు, పోవు. ఆ డబ్బు వెనక్కీ రాదు.

ఎవరికి ఏది

నెట్ అక్కర్లేని పెద్దవాళ్లకు డేటా లేని ప్లాన్లు ఉన్నాయి. ట్రాయ్ 2024 డిసెంబరు సవరణ వల్ల 2025 జనవరిలో వచ్చాయి. అప్పటి ధరలు: జియోలో 448 రూపాయలకు 84 రోజులు, 1000 ఎస్సెమ్మెస్‌లు, 1748 రూపాయలకు 336 రోజులు. ఎయిర్‌టెల్‌లో 469 రూపాయలకు 84 రోజులు, 900 ఎస్సెమ్మెస్‌లు; 1849 రూపాయలకు 365 రోజులు. అన్నింట్లోనూ కాల్స్ అపరిమితం. రోజుకు అయిదు రూపాయల పైచిలుకు, అంటే డేటా ప్లాన్‌లో సగం. షాపువాళ్లు, యాప్‌లు వీటిని ముందు పెట్టవు. యాప్‌లో వాయిస్ ఓన్లీ లేదా వాల్యూ అన్న విభాగంలో వెతకాలి. తాతగారి కీప్యాడ్ ఫోన్‌కి రోజుకు 1.5 జీబీ ప్లాన్ వేస్తున్న ఇల్లు ఇప్పటికైనా ఆపాలి.

రొయ్యల చెరువుల దగ్గర లెక్క వేరు, ప్లాన్ తప్పితే నష్టం లక్షల్లో ఉంటుంది కాబట్టి జాగ్రత్త కూడా వేరు. మోటార్లకు బిగించే మొబైల్ స్టార్టర్లు, కరెంటు పోతే ఫోన్ చేసే అలారం పెట్టెలు ఎక్కువగా 2జీ మీద పనిచేసేవే. వాటిలో జియో సిమ్ పనిచేయదు. పెట్టె మీద గానీ, దాంతో వచ్చిన కాగితం మీద గానీ 2జీ అని ఉందో 4జీ అని ఉందో చూసి సిమ్ కొనండి. ప్లాన్‌గా డేటా లేని 84 రోజులది సరిపోతుంది, కానీ ఎస్సెమ్మెస్‌ల లెక్క చూసుకోవాలి. 84 రోజులకు 900 అంటే రోజుకు పది. మోటారు ఆన్ అయినప్పుడల్లా, ఆగినప్పుడల్లా, ఒక ఫేజ్ పోయినప్పుడల్లా మెసేజ్ పంపే పెట్టె కరెంటు కోతల కాలంలో పదిని మధ్యాహ్నానికే దాటేస్తుంది. సెట్టింగ్ మార్చి, కరెంటు పోయినప్పుడు మాత్రమే కాల్ చేసేలా పెట్టించుకోండి.

ఇక గడువు. చెరువులో ఆక్సిజన్ తెల్లవారుజామున అన్నిటికంటే తక్కువకు పడిపోతుంది. ఆ వేళ కరెంటు పోయి ఏరియేటర్లు (నీటిలో గాలి కలిపే యంత్రాలు) ఆగినప్పుడు అలారం సిమ్ గడువు దాటి ఉంటే మీకు ఫోన్ రాదు. కాపలా మనిషి నిద్రలో ఉంటే అంతే సంగతులు. ఆ సిమ్ ఎవరి చేతిలోనూ ఉండదు కాబట్టి గడువు మెసేజ్ వచ్చినా చదివేవాడు లేడు. అందుకని ఆ నంబరును కంపెనీ యాప్‌లో మీ ఫోన్‌కి జోడించుకుని, గడువు తేదీని మకాంలో గోడ మీద మేత లెక్కల పక్కనే రాసి పెట్టండి. రొయ్య పిల్ల వదిలే రోజునే రీచార్జ్ చేస్తే ఇంకా నయం, పంట 84 రోజులు దాటేలా ఉంటే మాత్రం ఆ లోపే మళ్లీ వేయించాలి. వారానికోసారి మెయిన్ ఆపి, ఫోన్ వస్తుందో లేదో చూసుకుని వెంటనే వేసేయాలి.

గట్టు మీద 4జీ కెమెరా పెట్టేవాళ్లు రోజుకు 1.5 జీబీ ప్లాన్ వేసి, గంటల తరబడి ఫోన్లో చూస్తే నిలవదు. వీడియో సెకనుకు ఒక మెగాబిట్ చొప్పున పోయినా గంటకు 450 ఎంబీ, రోజంతా అయితే పది జీబీ పైనే. రికార్డింగ్ కెమెరాలోని మెమరీ కార్డుకే పెట్టి, కావాల్సినప్పుడు మాత్రమే ఫోన్లో తెరవండి.

కువైట్, ఖతార్, దుబాయ్ వెళ్లేవాళ్లకు ఇక్కడి నంబరు బ్యాంకు, ఆధార్ ఓటీపీల కోసం బతికి ఉండాలి. దానికి డేటా లేని ఏడాది ప్లాన్ చాలు. బయల్దేరే ముందు కస్టమర్ కేర్‌తో ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేయించుకుని, ఫోన్లో డేటా రోమింగ్ ఆపేయాలి. ఫోన్‌లో సదుపాయం ఉంటే ఇక్కడి నంబరును ఈసిమ్ (ఫోన్ లోపలే ఉండే సిమ్) చేసుకుంటే సిమ్ స్లాట్ అక్కడి సిమ్‌కి ఖాళీగా ఉంటుంది. సిమ్‌ను ఇంట్లో వదిలి, ఓటీపీని ఫోన్లో చెప్పించుకునే పద్ధతి మానుకోండి. ఆ అలవాటే మోసగాళ్లకు దారి చూపిస్తుంది. ఇంకో ప్రమాదం, 90 రోజులు ఏ వాడకమూ లేని నంబరును కంపెనీ తీసేయవచ్చు. కొన్నాళ్లకు అది వేరేవాళ్లకు పోతుంది, మీ బ్యాంకు మెసేజ్‌లు వాళ్లకు వెళ్తాయి. అన్‌లిమిటెడ్ అని రాసి ఉన్న ప్లాన్‌లో గల్ఫ్ కాల్స్ ఉండవు. ఇంటివాళ్లు వాట్సాప్‌లో మాట్లాడాలి, లేదా ఐఎస్‌డీ ప్యాక్ వేసుకోవాలి.

సినిమా యాప్‌లు కలిపి ఇచ్చే ప్లాన్ల గురించి ఒక్క మాట: ఆ యాప్ మీరు ఇప్పటికే డబ్బు కట్టి చూస్తుంటేనే వాటిని లెక్కలోకి తీసుకోండి.

వరద, తుపాను కాలానికి

జూలై నుంచి సెప్టెంబరు దాకా గోదావరి వరద, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్లు. ఈ ఆరు నెలల మధ్యలో గడువు అయిపోకుండా రీచార్జ్ తేదీలు చూసుకోవాలి. కాజ్‌వే మునిగి, కరెంటు పోయి, నెట్ లేనప్పుడు రీచార్జ్ చేసే దారి ఉండదు. కరెంటు పోతే టవర్ కొన్ని గంటలు బ్యాటరీ మీద, తర్వాత డీజిల్ జనరేటర్ మీద నడుస్తుంది. దారి మునిగి డీజిల్ అందకపోతే ఆగిపోతుంది.

రెండు కంపెనీల సిమ్ములు పెట్టుకుంటే చాలనుకుంటారు. కానీ చాలాచోట్ల రెండు మూడు కంపెనీల యాంటెన్నాలు ఒకే టవర్ మీద ఉంటాయి. ఆ టవర్ ఆగితే రెండు సిమ్ములూ ఒకేసారి పోతాయి. రెండో సిమ్ వేరే టవర్ మీద ఉన్నదై ఉండాలి. చాలా ఊళ్లలో బీఎస్ఎన్ఎల్‌కు సొంత టవర్ ఉంటుంది కాబట్టి, మీ దగ్గర అందుతుంటే రెండో సిమ్‌గా అది తెలివైన ఎంపిక. మొదటి సిమ్‌గా పెట్టుకోవాలంటే మాత్రం పైన చెప్పిన రాత్రి పరీక్షలో నెగ్గాలి. తుపాను వేళ ప్రభుత్వం ఒక కంపెనీ సిమ్‌కు ఇంకో కంపెనీ టవర్ వాడుకునే వీలు తెరుస్తుంటుంది. మీ ఫోన్ దానంతటది పట్టుకోకపోతే నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ఆటోమేటిక్ తీసేసి, కనిపించిన వేరే కంపెనీ పేరు నొక్కి చూడండి.

కంపెనీ మార్చాలనుకుంటే

నంబరు మారకుండా మారడానికి పోర్ట్ (PORT) అని ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో టైప్ చేసి, ఖాళీ వదిలి, మీ పదంకెల నంబరు వేసి 1900కు మెసేజ్ పంపాలి. ఎనిమిది అక్షరాల కోడ్ వస్తుంది, మన సర్కిల్లో అది నాలుగు రోజులే చెల్లుతుంది. ఆధార్‌తో కొత్త కంపెనీ షాపుకు వెళ్తే, సర్కిల్ లోపల మూడు పనిదినాల్లో మారుతుంది. ఇప్పుడున్న కంపెనీలో 90 రోజులు నిండకపోతే కోడ్ రాదు. సిమ్ పోయి కొత్తది తీసుకున్న ఏడు రోజుల దాకా కూడా రాదు. ఈ ఏడు రోజుల నిబంధన 2024 జూలై 1 నుంచి అమల్లో ఉంది. చిన్న ప్లాన్ ఉన్నవాళ్లకు కూడా 1900కు మెసేజ్ వెళ్లేలా చూడాలని ట్రాయ్ 2021 డిసెంబరులోనే ఆదేశించింది కాబట్టి, అందుకోసం పెద్ద ప్లాన్ వేయమని ఎవరైనా అంటే వినొద్దు.

మిగిలిన ప్లాన్ రోజులు, బ్యాలెన్స్ కొత్త కంపెనీకి రావు. కాబట్టి గడువుకు ఇంకా నాలుగైదు రోజులు ఉందనగా మొదలుపెట్టండి. కొత్త సిమ్ పడే రోజున కొన్ని గంటలు కాల్స్, మెసేజ్‌లు ఆగుతాయి. బ్యాంకు పనులు, టికెట్లు ఆ రోజు పెట్టుకోవద్దు. కోడ్ వచ్చాక పాత కంపెనీ నుంచి ఫోన్ చేసి తక్కువ రేటుకు ప్లాన్ ఇస్తామంటారు. ఇంట్లో సిగ్నల్ రాకే మారుతున్నట్లయితే ఆ తగ్గింపు మీకు అక్కరకు రాదు. సిగ్నల్ బాగుండి రేటు కోసమే మారుతుంటే, ఆ ప్లాన్ ధరను రోజులతో భాగించి చూసి అప్పుడు జవాబు చెప్పండి.